బండ, ఎర్రనేల, చెరువు: నేలను నియమాలుగా రాయడం

వీడియో గేమ్‌లో పాత్ర నడిచే నేల రెండు వేర్వేరు వస్తువుల కలయిక. మొదటిది నేల ఆకారం, అంటే ఏ చోట ఎంత ఎత్తు ఉందో చెప్పే వల. రెండోది ఆ వల మీద కప్పే చిత్రం, దానినే గేమ్ తయారీదారులు టెక్స్‌చర్ అంటారు. ఆకారం లేనిదే కొండ లేదు, టెక్స్‌చర్ లేనిదే ఆ కొండ బండరాయిదో మట్టిదో పచ్చిక పరుచుకున్నదో తెలియదు. ఒక గదికో వీధికో టెక్స్‌చర్ చేయడం చిత్రకారుడి పని. రెండు మూడు తాలూకాలకు చేయవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ పని చిత్రకారుడి చేయి దాటి గణితానికీ, గణితాన్ని కూడా దాటి భూగోళశాస్త్రానికీ చెందుతుంది. అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలున్న పీఠభూమి మంచి ఉదాహరణ. ఎందుకంటే ప్రపంచంలో వాడుకలో ఉన్న నేల తయారీ సూత్రాలు చాలావరకు ఇటువంటి నేలను తలచుకుని రాసినవి కావు.

లెక్కతో మొదలుపెట్టడమే మేలు. ఉత్తరాన హార్స్‌లీ కొండల నుంచి దక్షిణాన కుప్పం దాకా సూటి దూరం సుమారు 100 కిలోమీటర్లు. చుట్టూ కొంత వదులు ఉంచి 120 కిలోమీటర్ల భుజం గల చతురస్రాన్ని తీసుకుంటే మూడు పట్టణాలూ వాటి నడుమ ఉన్న గుట్టలూ చెరువులూ అందులో ఇముడుతాయి. పాత్ర పాదాల దగ్గర నేల మసకబారకూడదంటే ఒక్కో పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న రంగు చుక్క, పది సెంటీమీటర్లకు మించిన నేలను కప్పకూడదు. నిజానికి నేటి ఆటలు ఇంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైన వివరాన్ని కోరతాయి. ఇంత ఉదారమైన కొలతతోనే భుజానికి 12 లక్షల పిక్సెళ్లు, మొత్తం 1.44 లక్షల కోట్ల పిక్సెళ్లు తేలతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కో బైటు చొప్పున పిక్సెల్‌కు మూడు బైట్లు పెడితే 4.3 టెరాబైట్లు, గ్రాఫిక్స్ కార్డు నేరుగా చదవగలిగే కుదింపు పద్ధతితో ఆరో వంతుకు దించినా 720 గిగాబైట్లు. ఇళ్లలో ఉండే గ్రాఫిక్స్ కార్డుల మెమరీ చాలావరకు 8 నుంచి 16 గిగాబైట్ల లోపే. పైగా డైరెక్ట్‌ఎక్స్ 11 ప్రమాణం ప్రకారం కార్డు ఒకే చిత్రంగా అంగీకరించే గరిష్ఠ పరిమాణం భుజానికి 16,384 పిక్సెళ్లు. చతురస్రం మొత్తాన్ని అలాంటి ఒక్క చిత్రంలో ఇరికిస్తే ఒక పిక్సెల్ వాటాకు 7.3 మీటర్ల నేల వస్తుంది. మూడడుగుల ఎత్తైనా లేని పుంగనూరు ఆవు సంగతి అటుంచి, దానిని కట్టేసిన పాకా, పాక ముందరి గడ్డివామీ, పక్కన దించిన బండీ అన్నీ కలిసి ఒకే రంగు చుక్కలో కరిగిపోతాయి.

కాబట్టి ఇంత నేలకు చిత్రాన్ని ముందుగా గీసి దాచిపెట్టడం కుదరదు. అవసరమైన చోట, అవసరమైన క్షణంలో దానిని పుట్టించే విధానాన్ని దాచిపెట్టుకోవాలి. ఆ విధానానికి పునాది ఎత్తుల పటం. ఇందులో ప్రతి పిక్సెల్ రంగుకు బదులు ఎత్తును మోస్తుంది, తెల్లనివి శిఖరాలు, నల్లనివి పల్లాలు. మదనపల్లె ప్రాంతపు ఎత్తుల పటం ఎవరూ కొత్తగా కొలవనక్కరలేదు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజుల యాత్రలో, 60 మీటర్ల పొడవైన దూలానికి అటూ ఇటూ అమర్చిన రెండు రాడార్ యాంటెన్నాలతో, 60 డిగ్రీల ఉత్తర అక్షాంశానికీ 56 డిగ్రీల దక్షిణ అక్షాంశానికీ మధ్య ఉన్న భూమినంతా కొలిచింది. ఒకే ప్రతిధ్వని రెండు యాంటెన్నాలకు చేరడంలో ఉండే అతి స్వల్ప తేడా నుంచి ఎత్తును లెక్కగట్టే ఈ పద్ధతిలో దాదాపు ప్రతి 30 మీటర్లకు ఒక కొలత దొరికింది. అమెరికా వెలుపలి నేలకు సంబంధించి ఆ వివరం బహిరంగంగా అందింది మాత్రం 2014 నుంచే. భారతదేశం తనంతట తాను చేసిన కొలత ఇంకొకటి ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ వంగి చూసే రెండు కెమెరాలతో, మనిషి రెండు కళ్లు లోతును పసిగట్టినట్టే నేల ఎత్తును పసిగట్టింది. ఆ చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్ అనే ఎత్తుల పటాన్ని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం భువన్ వేదిక ద్వారా అందిస్తోంది.

రాడార్ కొలతలు ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు గల పలకలుగా లభిస్తాయి. మదనపల్లె, పుంగనూరు ఉన్న పలక పేరు ఎన్13ఈ078, కుప్పం ఉన్నది దాని కింది ఎన్12ఈ078. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాల్లో 57కె, 57ఎల్ అనే షీట్లు కప్పే చోట్లు కూడా సరిగ్గా ఇవే కావడం, పటం గీసే పని సాధనాలు మార్చుకున్నంత తేలికగా అలవాట్లు మార్చుకోదనడానికి చిన్న సాక్ష్యం. ఒక్కో పలకలో భుజానికి 3,601 చొప్పున కొలతలు, ఒక్కో కొలతకు రెండు బైట్లు, మొత్తం సుమారు 26 మెగాబైట్లు. పైన చెప్పిన చతురస్రంలో అధిక భాగం ఈ రెండు పలకల్లోనే ఉంది.

రెండు బైట్లు ఎందుకన్న ప్రశ్నకు జవాబు హార్స్‌లీ కొండల్లో దొరుకుతుంది. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ పేరు అంటుకోకముందు ఏనుగు మల్లమ్మ కొండగా పిలిచిన ఈ కొండ శిఖరం 1,250 మీటర్లకు పైబడి ఉండగా, చతురస్రపు తూర్పు, ఆగ్నేయ అంచుల్లో కనుమలు దిగిన తరువాత నేల 300 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ దాదాపు వెయ్యి మీటర్ల తేడాను ఒక్క బైటులో, అంటే 256 మెట్లలో చెప్పాలంటే ఒక్కో మెట్టు సుమారు నాలుగు మీటర్లవుతుంది. కొండ ఏటవాలు దేవాలయపు మెట్లబావిలా కనిపిస్తుంది. రెండు బైట్లలో 65,536 మెట్లు పడతాయి గనుక మెట్టు ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లకు దిగి కంటికి అందకుండా పోతుంది. కొత్తగా గేమ్ తయారీలోకి వచ్చినవారు ఎత్తుల పటాన్ని మామూలు బొమ్మగా భద్రపరచి, తమ కొండలన్నీ మెట్లు మెట్లుగా మారినందుకు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవడం తరచుగా జరిగే పొరపాటే.

అయితే ఈ పటంలో లేనివి చాలా ఉన్నాయి, ఆ లేనివే ఈ ప్రాంతానికి ముఖం. ఇంటి కంటే పెద్దదైన గుండు కూడా 30 మీటర్ల రెండు కొలతల మధ్య జారిపోతుంది. నాలుగైదు మీటర్ల ఎత్తుతో, బండి దారికి సరిపడే వెడల్పుతో ఉండే చెరువు కట్ట పటంలో ఆనవాలు లేకుండా పోతుంది, లేదా తెగిన గట్టులా అక్కడక్కడ తేలుతుంది. 2000 నాటి కొలత గనుక ఆ తరువాత తవ్విన హంద్రీ-నీవా కాలువ పుంగనూరు, కుప్పం శాఖలు అందులో లేవు. కుప్పం గ్రీన్ అనే పేరుతో వ్యాపారంలో చెలామణి అయ్యే రాయి కోసం ఆ తరువాత లోతుకు దిగిన క్వారీ గుంతలూ లేవు. ఉపగ్రహం ఇచ్చింది అస్థిపంజరం మాత్రమే. మిగిలినదంతా పుట్టించవలసిందే.

పుట్టించే సాధనాల్లో అన్నిటికంటే పాతదీ, ఇప్పటికీ వదలనిదీ నాయిస్ అనే గణిత ప్రమేయం. పేరుకు అర్థం చప్పుడే అయినా ఇక్కడ దాని అర్థం క్రమబద్ధమైన యాదృచ్ఛికత. 1982లో వచ్చిన ‘ట్రాన్’ చలనచిత్రానికి కంప్యూటర్ దృశ్యాలు చేసినవారిలో ఒకరైన కెన్ పెర్లిన్, అందులోని వస్తువులన్నీ యంత్రం నుంచి ఊడిపడ్డట్టు నున్నగా ఉండటం నచ్చక, పక్కపక్క బిందువుల మధ్య విలువ మెల్లగా మారుతూ, దూర బిందువుల మధ్య మాత్రం ఏ పొంతనా లేకుండా ఉండే ప్రమేయాన్ని రూపొందించి 1985లో ప్రచురించారు. 1997లో అమెరికా చలనచిత్ర అకాడమీ ఆ పనికి సాంకేతిక పురస్కారం ఇచ్చింది. పెద్ద అలల నాయిస్ ఒక పొర వేసి, దాని మీద సగం ఎత్తూ సగం వెడల్పూ ఉన్న అలలను రెండో పొరగా, అందులో సగాన్ని మూడో పొరగా కలుపుతూ పోతే పది పన్నెండు పొరల్లో పర్వతాల వరుస కళ్ల ముందు నిలుస్తుంది. ముక్క మొత్తాన్ని పోలి ఉండే ఇటువంటి ఆకారాలకు ఫ్రాక్టల్ అనే పేరు పెట్టినవారు బెన్వా మాండెల్‌బ్రాట్. ఈ పద్ధతిలోని అసలు సొగసు మరోచోట ఉంది: గణన మొదలుపెట్టడానికి ఇచ్చే ఒక సంఖ్యను మార్చకపోతే ఎన్నిసార్లు లెక్కించినా అదే కొండ, అదే లోయ వస్తాయి గనుక పర్వతాలను దాచుకోనక్కరలేదు, ఆ సంఖ్యను దాచుకుంటే చాలు. దానికి సీడ్ అని, అంటే విత్తనమని పేరు పెట్టడం వ్యవసాయ ప్రాంతపు పాఠకులకు సబబుగానే తోస్తుంది.

ఫ్రాక్టల్ పర్వతాలకు ఒక లోపం ఉంది: వాటి మీద ఎన్నడూ వాన కురవలేదు. కొండలకు ఎన్ని మొనలుంటాయో లోయలకూ అన్ని గుంతలుంటాయి, నీరు ఎటూ పారదు. 1989లో కెన్ మస్‌గ్రేవ్, మరో ఇద్దరు సహచరులు ఆ నేల మీద లెక్కల్లోనే వాన కురిపించి, నీరు మట్టిని కోసుకుపోయి పల్లంలో దించే తీరును అనుకరించారు. నేడు వాడుకలో ఉన్న నేల తయారీ సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటిలో ఈ కోత విధానానికి వారసులు కనిపిస్తారు. ఫలితం అందంగానే ఉంటుంది, కానీ అది హిమాలయం, ఆల్ప్స్ వంటి వయసు తక్కువ పర్వతాల అందం: కత్తి అంచు వంటి శిఖర రేఖలు, వాటి నుంచి చెట్టు కొమ్మల్లా చీలిన లోయలు. మదనపల్లె చుట్టూ ఉన్నది వేరే కథ. ఇక్కడి గ్రానైట్, నైస్ శిలలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి; వాటి మీద మొనలన్నీ ఎప్పుడో అరిగిపోయి, చదునైన ఎర్రనేల మధ్య ఒంటరిగా లేచిన నున్నని బండ కొండలు, వాటి మీద ఎవరో పేర్చినట్టు నిలిచిన గుండ్లు మిగిలాయి.

ఆ గుండ్ల పుట్టుక తెలియకుండా వాటిని ఆటలో పెడితే ఎక్కడో తప్పు కనిపిస్తూనే ఉంటుంది. శిల నేలలో పాతుకుని ఉన్నప్పుడే దానిలోని నిలువు, అడ్డ పగుళ్ల వెంట నీరు దిగి రాయిని లోపలి నుంచి మట్టిగా మారుస్తుంది. ముక్క మూలల మీద రెండు మూడు వైపుల నుంచి దాడి జరుగుతుంది గనుక మూలలు ముందుగా కుళ్లి, చతురస్రంగా పుట్టిన ముక్క గుండ్రంగా మిగులుతుంది. తరువాత యుగాల పాటు వానలు ఆ మట్టిని కడిగేస్తే లోపలి గుండ్లు, ముందు ఏ పగులుకు పక్కన ఉండేవో ఆ వరుసలోనే, ఒకదాని మీద ఒకటి తేలతాయి. అందువల్ల గుండ్లను నేల మీద గింజలు చల్లినట్టు యాదృచ్ఛికంగా చల్లడం కాక, కొండ మీద ముందు పగుళ్ల గీతల జాలాన్ని గీసి, ఆ జాలపు గళ్లలో ముక్కలను ఉంచి, మూలలు అరగదీసి, చుట్టూ మట్టి మట్టాన్ని దించడం సరైన క్రమం. నేలను తయారుచేసేటప్పుడు ఫలితాన్ని అనుకరించడం కంటే కారణాన్ని అనుకరించడం ఎక్కువ పనే. కానీ ఇక్కడ దగ్గరి దారి మోసమే చేస్తుంది.

ఆకారం కుదిరాక టెక్స్‌చర్ వంతు వస్తుంది. నేటి ఆటల్లో నేల రంగును ఒకే చిత్రంగా కాక, బండ, గరుసు నేల, ఎర్రమట్టి, చెరువు ఒండ్రు, గడ్డి వంటి నాలుగైదు చిన్న చిత్రాల మిశ్రమంగా తయారుచేస్తారు. ఏ చోట ఏది ఎంత పాలు కలవాలో మరొక పటం చెబుతుంది. 2000లో చార్లెస్ బ్లూమ్ వివరించిన ఈ పద్ధతికి స్ప్లాటింగ్ అని పేరు. చేత్తో ఆ పాళ్లను 14,400 చదరపు కిలోమీటర్ల మీద దిద్దడం ఎవరి తరమూ కాదు గనుక వాటిని ఎత్తుల పటం నుంచే రాబట్టాలి. వాలు బాగా నిటారుగా ఉంటే మట్టి నిలవదు, కాబట్టి బండ; వాలు తగ్గి కొండ పాదం మొదలైన చోట జారిపడిన గరుసు; దాని కింద పల్చని ఎర్రమట్టి; వంకలు కలిసే పల్లాన మెత్తని ఒండ్రు. ప్రతి పిక్సెల్ నుంచి నీటిచుక్కను దాని ఎనిమిది పొరుగుల్లో అత్యంత పల్లమైన వైపు పంపుతూ, ఏ పిక్సెల్ గుండా ఎన్ని చుక్కలు పోయాయో లెక్కపెడితే వంకల జాలం దానంతటదే బయటపడుతుంది. రైతు పొలాన్ని చూడగానే మెట్ట అనో మాగాణి అనో తేల్చేది కూడా ఈ రెండు కొలతల మీదే: వాలు ఎంత, నీరు ఎటు నుంచి వస్తుంది. కంప్యూటర్ చేసేది ఆ తీర్పునే కోట్ల సార్లు తిరగరాయడం.

కానీ ఈ పీఠభూమి మీద నీరు తనకు తోచినట్టు పారదు. వంకకు అడ్డంగా కట్ట వేసి చెరువు, ఆ చెరువు మరవ నుంచి పొర్లిన నీటికి కింద మరో కట్ట, దాని కింద మరొకటి, ఇలా గొలుసుకట్టుగా శతాబ్దాల పాటు మనుషులు నేలను దిద్దారు. అందువల్ల చెరువును టెక్స్‌చర్‌గా కాక నియమంగా రాయాలి. నీటి లెక్క ఎక్కువగా ఉండి వాలు తక్కువైన చోట వంకకు అడ్డంగా వంపు తిరిగిన కట్ట. కట్టకు ఎగువన నీరు లేదా ఎండిన అడుగు. దిగువన తూము కాలువ వెంట పచ్చని ఆయకట్టు. ఆయకట్టు దాటగానే మళ్లీ ఎర్రని మెట్ట, వేరుశెనగ, టమోటా, మల్బరీ. వేసవిలో అదే చెరువు అడుగు పగుళ్లిచ్చిన బంకమట్టిగానూ, ఏళ్ల తరబడి నిండకపోతే తుమ్మల తోపుగానూ మారాలి. పగిలిన ఒండ్రుకూ, గెనాలు వేసి విడదీసిన చేలకూ ఒకే గణితం సరిపోవడం ఈ పనిలోని ముచ్చటైన విషయాల్లో ఒకటి. నేల మీద బిందువులను చల్లి, ప్రతి చోటునూ దానికి అతి దగ్గరి బిందువుకు అప్పగిస్తే నేల బహుభుజాలుగా విడిపోతుంది. 1996లో స్టీవెన్ వోర్లీ దీనిని టెక్స్‌చర్ తయారీకి వాడుకలోకి తెచ్చారు. బిందువుల మధ్య దూరం జానెడైతే అవి చెరువు అడుగున నెర్రెలు, వంద అడుగులైతే అవే చేల గట్లు.

చిన్న చిత్రాలను పరచడంలో మరొక చిక్కు ఉంది. నాలుగు మీటర్ల చదరపు ఎర్రమట్టి చిత్రాన్ని చతురస్రమంతా పరచాలంటే అది 90 కోట్ల సార్లు పునరావృతం అవుతుంది, అందులో ఒక్క తెల్లరాయి ఉన్నా అది నాలుగేసి మీటర్లకు ఒకటి చొప్పున బారులు తీరి ఆటగాడిని వెక్కిరిస్తుంది. మనిషి కన్ను ఇటువంటి వరుసను పట్టేసినంత త్వరగా మరి దేనినీ పట్టదు. 1961లో తర్కశాస్త్రవేత్త హావ్ వాంగ్ వేరే ప్రయోజనం కోసం ఊహించిన రంగు అంచుల పలకలను 2003లో గ్రాఫిక్స్ పరిశోధకులు ఇందుకు వాడుకున్నారు: ఒకే మట్టి చిత్రానికి బదులు కొన్ని పలకలను తయారుచేసి, ఒకే రంగు అంచులున్నవే పక్కపక్కన రావాలన్న నిబంధనతో యాదృచ్ఛికంగా పేరుస్తూ పోతే, అతుకు కనిపించకుండా, వరుస తేలకుండా నేల పరుచుకుంటుంది. నిటారు బండల మీద మాత్రం పై నుంచి పరచిన చిత్రం సాగిపోయి చారలు కడుతుంది; అక్కడ పై నుంచీ, రెండు పక్కల నుంచీ మూడు సార్లు చిత్రాన్ని వేసి, బండ ఎటు తిరిగి ఉంటే అటు వైపు పాలు పెంచుతారు.

ఇంత శ్రమ ఎందుకు, ఉపగ్రహ ఛాయాచిత్రాన్నే కప్పరాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2020లో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆ దారినే నడిచి, దూరపు సర్వర్లలో ఉంచిన రెండు పెటాబైట్లకు మించిన సమాచారం నుంచి కావలసిన ముక్కలను ఆటగాడికి పంపింది. బహిరంగ పటంలో ఎవరో రెండంతస్తులకు బదులు 212 అంతస్తులని నొక్కడం వల్ల మెల్‌బోర్న్ శివారులో ఆకాశాన్నంటే గోపురం మొలిచి, చూసినవారిని నవ్వించింది కూడా. విమానం నుంచి చూసే నేలకు ఈ పద్ధతి తిరుగులేనిది. నడిచే నేలకు ఇది పనికిరాదు, కారణం వివరం చాలకపోవడం ఒక్కటే కాదు. ఛాయాచిత్రంలో గుట్ట నీడ అది తీసిన వేళకు గడ్డకట్టి ఉంటుంది, ఆటలో సూర్యుడు పడమటికి వాలినా ఆ నీడ కదలదు. సెప్టెంబరులో తీసిన చిత్రంలో మెట్ట చేలన్నీ వేరుశెనగ పచ్చన, ఏప్రిల్‌లో తీసినదానిలో దున్నని ఎరుపు. రెండింటినీ అతికితే పొలం మధ్యలో ఋతువు మారుతుంది. కాబట్టి ఛాయాచిత్రాన్ని దూరపు కొండల రంగుకూ, నియమాలు సరిగ్గా వచ్చాయో లేదో సరిచూసుకోవడానికీ వాడి, కాలి కింది నేలను నియమాలకే వదలడం మంచి పద్ధతి.

పుట్టించిన నేలను తెర మీదికి చేర్చే విధానం గురించి కొద్దిగా చెబితే చాలు. 1983లో లాన్స్ విలియమ్స్ ప్రతిపాదించిన మిప్‌మ్యాప్ పద్ధతిలో ఒకే చిత్రానికి సగం, పావు, అరపావు పరిమాణాల్లో నకళ్లు తీసి ఉంచి, దూరానికి చిన్నదానిని, దగ్గరికి పెద్దదానిని వాడతారు. ఇందుకు అదనంగా పట్టే స్థలం మూడో వంతే. దీనిని విస్తరించి, ఆటగాడి చూపు పడిన ముక్కలను మాత్రమే మెమరీలోకి తెచ్చుకునే పద్ధతిని 2007లో ‘ఎనిమీ టెరిటరీ: క్వేక్ వార్స్’ అనే ఆట భుజానికి 32,768 పిక్సెళ్ల చిత్రంతో ఆచరణలో చూపింది. నేడు ఆ ముక్కలను డిస్కు నుంచి చదవడానికి బదులు, పాత్ర అటువైపు అడుగేసిన క్షణాన పైన చెప్పిన నియమాలతో గ్రాఫిక్స్ కార్డే గీసి, పాత్ర దూరమయ్యాక చెరిపేయగలదు. మదనపల్లె బండ మీద నిలబడినవారికి కుప్పం ఎర్రమట్టి ఆ సమయంలో ఎక్కడా ఉండదు. మిగిలిన చిక్కు ఒకటే: 32 బిట్ల దశాంశ సంఖ్యలు దూరాలను కొలవడం మొదలుపెట్టే మూలబిందువు నుంచి లక్ష మీటర్ల దూరంలో సుమారు 8 మిల్లీమీటర్ల కంటే సూక్ష్మంగా చోటును చెప్పలేవు గనుక, మూలబిందువును మదనపల్లెలో పెడితే కుప్పంలో నిలుచున్న పాత్ర వణుకుతూ కనిపిస్తుంది, అందుకే పెద్ద పటాల్లో మూలబిందువును పాత్రతో పాటే జరుపుతూ ఉంటారు.

తమ ప్రాంతపు నేలను ఇలా తయారుచేయదలచిన పాఠకులు మొదట రెండు ఎత్తుల పలకలను తెచ్చుకుని, సాఫ్ట్‌వేర్‌లోని కోత మీటను ముట్టుకునే ముందు, వాటిలో తమ ఊరి చెరువును వెతకాలి. చెరువు అడుగు చదునుగా దొరుకుతుంది. కట్ట దొరకకపోతే దానిని కొలిచి చేత్తో గీయాలి, ఎందుకంటే నీటి లెక్క అక్కడ తప్పితే దాని కింది మాగాణి అంతా మెట్టగా మారిపోతుంది.